కొత్తదని చెప్పి పాత గ్రాఫిక్స్ కార్డు అంటగట్టారు, వాపసు తీసుకోం అంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, మాది గుంటూరు. నా పీసీ పాతది, ఐ5 ఫోర్త్ జెన్, అందులో జీటీఎక్స్ 750 టీఐ కార్డు పోయింది. విజయవాడలో ఒక షాపుకి వాట్సాప్‌లో పీసీ వివరాలన్నీ, 450 వాట్ ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే యూనిట్) అని కూడా పెట్టి, ఏ కార్డు పడుతుంది అనడిగా. "ఆర్‌ఎక్స్ 580 8 జీబీ తీసుకో, కొత్త పీసు, సూపర్‌గా నడుస్తుంది" అన్నారు. ఫోన్‌పేలో 9,500 కొట్టా, ఎస్టిమేట్ చీటీ ఇచ్చారు. గేమ్ పెట్టిన కాసేపటికే సిస్టమ్ ఆగిపోతోంది. తీసుకెళ్తే "అమ్మిన సరుకు వాపసు లేదు, నీ ఎస్‌ఎంపీఎస్ ప్రాబ్లం" అంటున్నారు. ఫ్రెండేమో ఇది మైనింగ్‌లో, అంటే క్రిప్టో కరెన్సీ సంపాదించడానికి వాడిన కార్డు అన్నాడు. నేను అప్పుడప్పుడూ పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటా, అది తెలిస్తే కేసు పోతుందా?

జవాబు: ముందు ఆ వాట్సాప్ చాట్ పోకుండా చూసుకోండి, ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు, మీ బలం చీటీలో కన్నా అందులోనే ఉంది. మీరే షాపుకెళ్లి ఆర్‌ఎక్స్ 580 ఇవ్వండి అని పేరు పెట్టి అడిగి తెచ్చుకునుంటే, అది మీ పీసీకి పడకపోవడం మీ తలనొప్పే అయ్యేది. కానీ మీరు పీసీ వివరాలిచ్చి దీనికేది సరిపోతుంది అనడిగారు, వాళ్లు ఎంచి ఇచ్చారు. ఏ పనికో చెప్పి, అమ్మేవాడి అనుభవం మీద నమ్మకంతో కొన్నప్పుడు సరుకు ఆ పనికి పనికొచ్చేదై ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 చెప్తుంది. మీ పాత 750 టీఐ లాగేది 60 వాట్లు, దానికి చాలా మోడళ్లలో విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు, 580 అయితే 185 వాట్లు లాగుద్ది, 8 పిన్ కేబుల్ అడుగుద్ది. 450 వాట్ అని తెలిసీ ఇచ్చినవాళ్లు ఇప్పుడు "నీ ఎస్‌ఎంపీఎస్ ప్రాబ్లం" అంటున్నారంటే తమ సలహా తప్పని తామే ఒప్పుకుంటున్నట్టు. ఆ మాట కూడా మెసేజ్‌లో రప్పించండి.

ఇక మైనింగ్ సంగతి. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ ఆగిపోయాక అలాంటి కార్డులు బోలెడు మార్కెట్లోకొచ్చాయి, మీ ఫ్రెండ్ అనుమానం ఊరికే పోయేది కాదు. కానీ ఫిర్యాదులో "మైనింగ్" అని మాత్రం రాయకండి, అది నిరూపించడం మీ వల్ల కాదు, ఆ అవసరమూ లేదు. "కొత్తదని చెప్పి వాడినది అమ్మారు" అంటే చాలు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అదే అనుచిత వ్యాపారం. సరైన బిల్లు ఇవ్వకపోవడం కూడా దాని కిందికే వస్తుంది. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోననడం కూడా అంతే, బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు డబ్బివ్వాలి, కాబట్టి గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో "వాపసు లేదు" అని రాసుకున్నా లోపమున్న సరుకు విషయంలో అది చెల్లదు.

రుజువుకి ఫ్రెండ్ మాట చాలదు. డబ్బా మీద సీరియల్ నంబరూ కార్డు మీద నంబరూ ఒకటేనా అని ఫొటో తీయండి. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేసి షేడర్ల (కార్డులో లెక్కలు చేసే చిన్న యూనిట్ల) సంఖ్య చూడండి, అసలు 580కి 2304 ఉంటాయి, 2048 కనపడితే మీకొచ్చింది 2048ఎస్‌పీ అని తక్కువ రకం, చాట్‌లో చెప్పిన వస్తువే కాదన్నమాట, అప్పుడు మీ పని ఇంకా తేలిక. కార్డు మాత్రం స్క్రూ విప్పకండి, స్టిక్కర్ పీకకండి, నువ్వే పాడుచేశావంటారు. ఎస్‌ఎంపీఎస్ సరిపడా ఉన్న వేరే సిస్టమ్‌లో పెట్టించి, అక్కడా ఆగిపోతుంటే ఆ సర్వీస్ వాళ్ల దగ్గర లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలు రాయించుకోండి. అక్కడ బాగానే నడిస్తే సెక్షన్ 16 వాదన మిగులుతుంది, కానీ కార్డే పాడు అని మాత్రం అనకండి.

తర్వాత 15 రోజులు టైమిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, మీరే తెలుగులో రాసుకోవచ్చు. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టండి, చాలా షాపులు అక్కడే దిగొస్తాయి. రాకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి, కొన్నది విజయవాడలో అయినా సరే, మీరుండే చోట వేసుకునే హక్కు అదే 2019 చట్టం సెక్షన్ 34 ఇచ్చింది. 5 లక్షల లోపు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, కొన్న రెండేళ్లలోపు వేస్తే చాలు. చట్టం ప్రకారం మూడు నెలల్లో, ల్యాబ్ టెస్టు పడితే అయిదు నెలల్లో తేల్చాలి గానీ, వాస్తవంలో ఇంకాస్త పడుతుందనే అనుకోండి.

"ఇంకో మూడు వేలు వేసుకో, వేరే కార్డిస్తా" అని వాళ్లే రాజీకొస్తే ఒప్పుకోవచ్చు గానీ, పాత బోర్డుకి ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం తీసుకోకండి, అది నాలుగు లేన్లతోనే (డేటా వెళ్లే దారులతోనే) పనిచేస్తుంది కాబట్టి పాత స్లాట్‌లో వేగం బాగా తగ్గిపోతుంది. పవర్ కేబుల్ లేని జీటీఎక్స్ 1650 లాంటిది మీ ఎస్‌ఎంపీఎస్‌కి నయం. ఈసారి బిల్లు మీద "కొత్తది" అని, వారంటీ ఎన్ని నెలలో, సీరియల్ నంబరుతో సహా రాయించుకున్నాకే డబ్బు కొట్టండి.

పెళ్లి వీడియోల సంగతి దాచొద్దు, అడిగితే చెప్పండి. లాభం కోసం తిరిగి అమ్మడానికో, పెద్ద వ్యాపారానికో కొంటేనే వినియోగదారు కాదంటారు, సొంత కష్టం మీద బతుకుతెరువు కోసం వాడుకునేవాణ్ణి చట్టమే మినహాయించింది, మీదైతే ఎక్కువ ఆటలకేనాయె.