డీజిల్ ట్రక్కు ఎన్నేళ్లకు గిట్టుబాటు?

ప్రశ్న: సరుకు రవాణా కోసం చిన్న ట్రక్కు ఒకటి కొనాలనుకుంటున్నాను. నేను చూసిన మోడల్ డీజిల్‌లోనూ, పెట్రోల్‌లోనూ దొరుకుతోంది. డీజిల్ బండి ధర ఎక్కువైనా మైలేజీలో ఆ తేడా వచ్చేస్తుందని అమ్మేవారు చెబుతున్నారు. కనీసం ఎనిమిదేళ్లు వాడాలని నా ఆలోచన. ఏది తీసుకోమంటారు?

జవాబు: అమ్మేవారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు గానీ, మీ బండి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో అడగకుండా ఇచ్చిన భరోసా అది. మీరూ ఆ సంగతి రాయలేదు.

లీటరుకు లీటరు చూస్తే డీజిల్‌లో పెట్రోల్ కన్నా సుమారు 10 నుంచి 15 శాతం శక్తి ఎక్కువగా ఉంటుంది. పైగా డీజిల్ ఇంజన్ గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడితోనే ఇంధనాన్ని మండిస్తుంది కాబట్టి ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని పనిగా మార్చుకోగలదు. ధరలు మారుతుంటాయి కనుక లెక్కను పెట్రోల్ లీటర్లలో వేద్దాం. రెండు బండ్ల ధరలో తేడా 2,500 లీటర్ల పెట్రోల్ ఖరీదు అనుకోండి. పెట్రోల్ బండి లీటరుకు 8, డీజిల్ బండి 10 కిలోమీటర్లు ఇస్తాయనుకోండి. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగితే 500 లీటర్లు మిగులుతాయి. రెండు ఇంధనాల ధరా ఒకటే అయితే అయిదేళ్లలో తేడా తీరిపోతుంది. డీజిల్ ధర 10 శాతం ఎక్కువైతే మాత్రం ఏడాది మిగులు 300 లీటర్లకు పడిపోయి, ఎనిమిదేళ్లు దాటితే గానీ పెట్టిన సొమ్ము రాదు. అదే బండి 40,000 కిలోమీటర్లు తిరిగితే నాలుగేళ్లు కాస్త దాటితే చాలు. 8,000 కిలోమీటర్లే తిరిగితే ఇరవై ఏళ్లయినా చాలవు.

స్పార్క్ ప్లగ్గులు, ఇంధన ఫిల్టర్లు, ఆయిల్ మార్పిడి వంటివి చిల్లర ఖర్చులు. డీజిల్ బండిలో భయపడవలసింది ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లకు, వాటికి ఇంధనాన్ని తోసే అధిక పీడన పంపుకు, ఇంజన్‌లోకి గాలిని ఎక్కించే టర్బోకు, ఆ తరువాత పొగగొట్టంలోని మసి ఫిల్టరుకు. ఈ ఫిల్టరులో పేరుకున్న మసిని సుమారు 600 డిగ్రీల వేడి దగ్గర ఇంజనే కాల్చేసుకుంటుంది. ఆ వేడి కోసం అదనంగా డీజిల్ చిమ్ముతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండిలో ఈ పని సగంలోనే ఆగిపోతూ ఉంటుంది. మండని డీజిల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచబరుస్తుంది. ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) తీసి చూసినప్పుడు ఆయిల్ తగ్గకపోగా పెరిగి కనిపిస్తే సంతోషించకండి, వెంటనే మెకానిక్కుకు చూపించండి. ఇలాంటి మరమ్మతు ఒక్కటి వచ్చినా రెండు మూడేళ్ల ఇంధనపు పొదుపు దానికే పోవచ్చు.

నిండు లోడుతో దూరాలు వెళ్లేవారికి, ఎత్తులు ఎక్కేవారికి డీజిల్‌కే నా ఓటు. తక్కువ వేగంలోనే అందే దాని లాగుడు బలం అక్కడ పనికొస్తుంది. మారుబేరంలో దానికి కాస్త మంచి ధరే పలకవచ్చు గానీ, పాత డీజిల్ బండ్లపై ఆంక్షలున్న చోట ఆ ఆశ పెట్టుకోకూడదు.

కొనేముందు గత మూడు నెలల్లో మీ సరుకు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కాగితం మీద వేసుకుని, పై లెక్కలో మీ ఊహ కాకుండా ఆ అంకెనే ఏడాదికి నాలుగు రెట్లు చేసి పెట్టి చూడండి. ఆ మోడల్‌కు ఒక ఇంజెక్టరు, ఒక మసి ఫిల్టరు ఎంతవుతాయో షోరూములో కాకుండా సర్వీసు కేంద్రంలో అడగండి.