గాలే కోట: ఒక్కరోజు చాలుతుందా?

ప్రశ్న: నేనూ, నా స్నేహితురాలూ శ్రీలంక వెళ్తున్నాం. కొలంబోలో బస. గాలే కోటకి ఒక్కరోజే కుదురుతుంది. ఎలా చూడాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చాలుతుంది, వేళ చూసుకుంటే. కొలంబోలో రైలెక్కే స్టేషన్ పేరు కూడా ‘ఫోర్ట్’ అనే ఉంటుంది. కోట అక్కడే అనుకునేరు! అక్కడి నుంచి గాలేకి సుమారు రెండున్నర గంటలు. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి, సముద్రం అటే. దిగగానే తిరుగు రైళ్ల వేళలు స్టేషన్‌లోనే రాసుకోండి. కోటకి పది నిమిషాల నడక, ఆటో దండగ.

మిట్టమధ్యాహ్నం గోడెక్కితే మాడిపోతారు, పైన నీడ లేదు. ఎండవేళ లోపలి వీధులు, డచ్చివాళ్ల చర్చి చూసి, నాలుగున్నరకి ఎక్కండి. లైట్‌హౌస్ మీదుగా నడిస్తే పొద్దుగుంకేసరికి కోట దక్షిణ కొసన ఉన్న ఫ్లాగ్ రాక్ అనే బురుజు దగ్గరుంటారు. చాలాచోట్ల పిట్టగోడ లేదు. ఒకరిని ఒకరు ఫొటో తీసుకుంటూ వెనక్కి అడుగులు వేయకండి.

పాత ద్వారం దగ్గర మాత్రం ఆగాలి. బయటివైపు బ్రిటిష్ రాజచిహ్నం. లోపలికెళ్లి వెనక్కి తిరిగి చూస్తే డచ్చి ఈస్టిండియా కంపెనీ ముద్ర: రెండు సింహాలు, పైన కోడిపుంజు, 1669 అంకె. చాలామంది వెనక్కి చూడకుండానే వెళ్లిపోతారు.

చైనీస్, తమిళ, పర్షియన్ భాషల్లో చెక్కిన 1409 నాటి శాసనం దొరికింది గాలేలోనే, 1911లో. అసలు రాయి మాత్రం కొలంబో నేషనల్ మ్యూజియంలో ఉంది. దాన్ని కొలంబోలోనే చూసేయండి.