సోలార్ తీగ కొన ఎందుకు నల్లబడుతుంది?

ప్రశ్న: మా డాబాపై సోలార్ ప్యానెళ్ల తీగ ఎంసీ4 కనెక్టర్ (ప్యానెల్ తీగలను కలిపే ప్లగ్) దగ్గర వేడెక్కి నల్లబడింది. తీగ కొనను సరిగా ఒలవకపోవడమే కారణమా? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అది ముఖ్యమైన కారణాల్లో ఒకటి. బ్లేడుతో తొడుగు కోసినప్పుడు లోపలి సన్నని రాగి పోగులు కొన్ని తెగితే, విద్యుత్తు అంతా మిగిలిన పోగుల గుండానే ప్రవహించి ఆ చోట వేడి పుడుతుంది. కాబట్టి తీగ మందానికి సరిపోయే గాడి ఉన్న స్ట్రిప్పర్‌తోనే, తయారీదారు సూచించిన పొడవు మేరకే ఒలవాలి. తీగ కొనకు తొడిగే కనెక్టర్ లోపలి లోహపు పిన్నును కటింగ్ ప్లేయరుతో నొక్కడం ఇంకా ప్రమాదకరమైన అలవాటు. దానికి ప్రత్యేక క్రింపింగ్ (నొక్కి బిగించే) పనిముట్టే వాడాలి, ఎందుకంటే ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీలో (ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తులో) ఇళ్లలోని ఏసీలా కరెంటు సున్నాకు చేరే క్షణం ఉండదు కనుక, వదులుగా ఉన్న చోట పుట్టిన ఆర్క్ (గాలిలో ఆగకుండా సాగే విద్యుత్ మెరుపు) తనంతట తాను సులభంగా ఆరదు. మీరు కనెక్టర్‌ను ముట్టుకోకుండా ఇన్వర్టర్‌ను ఆపి, అర్హత గల ఎలక్ట్రీషియన్‌ను వెంటనే పిలిపించండి.