ఎడిటింగ్ సందేహాలు: ప్రాజెక్ట్ వెళ్లింది, ఫుటేజ్ వెళ్లలేదు

ప్రశ్న: పెళ్లి వీడియోను డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రఫ్ కట్ (తొలి కూర్పు) చేసి, దాని ప్రాజెక్ట్ ఫైల్ డీఆర్‌పీని హైదరాబాద్‌లోని కలరిస్ట్‌కు (రంగులు సరిదిద్దే ఆయనకు) వాట్సాప్‌లో పంపాను. ఆయన తెరిస్తే క్లిప్పులన్నీ ఎర్రగా ‘మీడియా ఆఫ్‌లైన్’ అని వస్తున్నాయట. ఫుటేజ్ 200 జీబీ ఉంది. ఎలా పంపాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: డీఆర్‌పీలో వీడియో ఉండదండీ. ఏ క్లిప్ ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎక్కడ కట్ చేశారు, రంగు ఎంత సర్దారు అన్న చిట్టా మాత్రమే ఉంటుంది. వాట్సాప్‌లో పట్టిందంటేనే అనుమానించాలి.

మీరు పంపాల్సింది ఆర్కైవ్, అంటే ప్రాజెక్టూ ఫుటేజూ కలిపిన మూట. కింద కుడిమూలన ఇంటి బొమ్మ నొక్కితే ప్రాజెక్ట్ మేనేజర్ వస్తుంది. మీ ప్రాజెక్ట్‌పై రైట్‌క్లిక్ చేసి ‘ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ ఆర్కైవ్’ ఎంచుకోండి. ‘మీడియా ఫైల్స్’కు టిక్ ఉంచి, ‘రెండర్ కాష్’కు తీసేయండి; అవి ప్లేబ్యాక్ కోసం రిజాల్వ్ తయారుచేసుకున్న తాత్కాలిక ఫైళ్లు, దండగ బరువు. డీఆర్‌ఏ అని చివర్న ఉండే ఫోల్డర్ తయారవుతుంది. దాని లోపల ఏదీ కదపకుండా, పేరు మార్చకుండా మొత్తం ఇవ్వాలి. అవతల ఆయన ప్రాజెక్ట్ మేనేజర్‌లోనే ‘రిస్టోర్ ప్రాజెక్ట్ ఆర్కైవ్’ కొట్టాలి. రిస్టోర్ అయిందని ఆ ఫోల్డర్ తీసేస్తే మళ్లీ ఎరుపే, ఎందుకంటే క్లిప్పులు అందులోంచే ఆడుతుంటాయి.

200 జీబీ నెట్‌లో పంపాలంటే, 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఆగకుండా వచ్చినా 11 గంటలు పడుతుంది. దానికన్నా హార్డ్‌డిస్క్ కొరియర్ చేయడం మేలు. డిస్క్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. ఫ్యాట్32లో మాత్రం 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. కాపీ పూర్తిగా సరిచూసుకునేదాకా కెమెరా కార్డులు ఫార్మాట్ చేయకండి.

పంపేది కలరిస్ట్‌కు కాబట్టి ఒరిజినల్సే కావాలి. కేవలం కటింగ్ చేసే ఎడిటర్‌కైతే ప్రాక్సీలు (క్లిప్పుల తేలికపాటి నకళ్లు) చాలు: ఆర్కైవ్‌లో ‘ప్రాక్సీ మీడియా’ ఒక్కటే టిక్ చేస్తే సైజు బాగా తగ్గుతుంది. పని అయ్యాక ఆయన డీఆర్‌పీ పంపితే మీ ఒరిజినల్స్‌కు రీలింక్ చేసుకోవచ్చు, అంటే మళ్లీ జతచేసుకోవచ్చు.

ఆర్కైవ్‌లోకి రానివి ఫాంట్లు, బయటి ప్లగిన్లు, మీరు విడిగా వేసుకున్న లట్‌లు (రంగులు మార్చే రెడీమేడ్ ఫైళ్లు). వేరే ఫోల్డర్‌లో పెట్టి ఇవ్వండి. తెలుగు టైటిళ్ల దగ్గర అసలు చిక్కు. పాత అను ఫాంట్లతో రాసిన పేర్లు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. యూనికోడ్ ఫాంట్ వాడండి, లేదా వధూవరుల పేర్లను వెనక పారదర్శకంగా ఉన్న పీఎన్‌జీ బొమ్మలుగా చేసి పెట్టండి.

రిజాల్వ్ వెర్షన్ ముందే అడిగి తెలుసుకోండి. 19లో చేసిన ప్రాజెక్ట్ 18లో తెరుచుకోదు. ఇంకొకటి, ప్రాజెక్ట్ ఆయన దగ్గరున్నన్నాళ్లూ మీరు టైమ్‌లైన్ (క్లిప్పులు వరుసగా పేర్చిన పట్టీ) ముట్టుకోవద్దు. ఇద్దరూ విడివిడిగా చేసిన మార్పులు వాటంతటవే కలిసిపోవు.

ప్రశ్న: నాది రిజాల్వ్, మా ఎడిటర్‌ది ప్రీమియర్ ప్రో అనే వేరే సాఫ్ట్‌వేర్. ప్రాజెక్ట్ ఇచ్చిపుచ్చుకోవచ్చా?
– మరో పాఠకురాలు, విజయవాడ

జవాబు: ప్రాజెక్ట్ కుదరదు, టైమ్‌లైన్ కుదురుతుంది. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్, టైమ్‌లైన్ అని వెళ్లి ‘ఫైనల్ కట్ ప్రో 7 ఎక్స్‌ఎంఎల్’ (ప్రీమియర్ కూడా చదవగల కట్ల జాబితా ఫైల్) తీసి, ఫుటేజ్‌తో కలిపి ఇవ్వండి. కట్లు, మామూలు డిజాల్వ్‌లు (ఒక షాట్ మరోదానిలో కరిగేవి) బాగానే వెళ్తాయి. కలర్, టైటిళ్లు, ఎఫెక్టులు వెళ్లవు. స్పీడ్ ర్యాంపులు (షాట్ మధ్యలో వేగం మారేవి) తరచూ చెడతాయి. అందుకే టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కు ఉండే సమయపు అంకె) కనిపించేలా ఒక చిన్న ఎంపీ4 కూడా జతచేయండి. వర్క్‌స్పేస్ మెనూలోని ‘డేటా బర్న్-ఇన్’ దానికే. ఆయన దాన్ని పై ట్రాక్‌లో పెట్టుకుని, ఏ షాట్ తేడా కొట్టిందో పోల్చి చూసుకుంటారు.