సమంగ నది దగ్గర ఆగు

అమ్మలూ,

నెలకో ఆదివారం రామాలయం మండపంలో కాలక్షేపం పెడుతున్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చూపు లేనివాళ్ళూ, చక్రాల కుర్చీవాళ్ళూ, వినికిడి తగ్గినవాళ్ళూ ఊళ్ళో అందరితో కలిసి కూర్చుని కథలు, పాటలు, సినిమాల మీదుగా దేవుడి గురించీ బతుకు గురించీ మాట్లాడుకోవడం! సంతోషం ఎంతో, గుబులూ అంతే. ఒక్కళ్ళు మనసు నొచ్చుకుని వెళ్ళినా రెండో ఆదివారం రారు.

ర్యాంపుకు అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే 18 అడుగులు. "నలుగురం ఎత్తి పెడతాంలే" అనేవాళ్ళ మాట వినకు. అలా మోయించుకోవడం ఇష్టం లేకే చాలామంది గడప దాటరు. చక్రాలూ చెప్పుల్లాంటివేనని ఎవరో ఒకరు అంటారు, పూజారిగారితో ముందే మాట్లాడి గుమ్మం దగ్గర తడిబట్ట ఉంచు. వరుసల మధ్య రెండు మూడు చోట్ల ఖాళీ వదులు, అందర్నీ ఒక మూలకు చేర్చకు. సైగల భాష చెప్పేవారు ఇద్దరుండాలి, 20 నిమిషాలకోసారి మారాలి. వాళ్ళ ముఖాన వెలుతురు పడాలి, వెనక పూలదండలు వద్దు. గొంతు ఎంత పెద్దదైనా మైకు వదలకూడదు. "చెవిటివాడి ముందు శంఖం" లాంటి సామెతలు అలవాటుగా దొర్లుతాయి, మాట్లాడేవాళ్ళకు ముందే చెప్పు.

ఇక నా అసలు భయం. ఇలాంటి సభల్లో తరచూ జరిగే పాత తప్పు, నయమైపోయే కథను ఎంచుకుని చప్పట్లతో ముగించడం. అందరికీ ముందు గుర్తొచ్చేది అష్టావక్రుడు. భారతం అరణ్యపర్వంలో ఆయన వంకర్లు తిరిగిన ఒంటితోనే జనకుడి సభకు వెళ్తాడు, వాదంలో అక్కడి పండితుడు వందిని ఓడిస్తాడు, ఆ వంది చేతిలో ఓడి నీట మునిగిన తండ్రిని తెచ్చుకుంటాడు. ఆ తర్వాత తండ్రి సమంగ నదిలో మునగమంటాడు, వంకరలు పోతాయి. చెప్పేవాళ్ళు అక్కడికొచ్చేసరికి గొంతు పెంచుతారు. ముందు వరుసలో పోలియో కాలితో కూర్చున్నాయన ఏమనుకోవాలి? తనకింకా నది దొరకలేదనా, తన భక్తి చాలలేదనా? వాదంలో గెలిచింది ఆ వంకర ఒళ్ళే, మునక ఆ తర్వాతది. కథను కత్తిరించమనడం లేదే పిల్లా! సమంగ దగ్గర ఆగి, "నది లేకపోతే ఈ కథకు లోటేమిటి?" అని అడుగు. మైకు మొదట ఆయనకే ఇవ్వు.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయమూ అంతే. పుట్టుగుడ్డిని చూసి శిష్యులు, పాపం ఇతడిదా, కన్నవాళ్ళదా అని అడుగుతారు. ఇద్దరిదీ కాదంటాడు యేసు. మన "పూర్వజన్మ కర్మ" మాటకూ అదే ప్రశ్న. చూపొచ్చిన ఘట్టానికి పరుగెత్తకుండా ఓ అరగంట అక్కడే ఉండు. సభలో ఎవరైనా కర్మ అంటే నువ్వు వాదానికి దిగకు, "ఆ మాట పడ్డవాళ్ళు ఇక్కడున్నారా?" అని అడిగి ఊరుకో.

ఖురాన్ 80వ సూరా, అంటే అధ్యాయం, 'అబస' నాకు అన్నిటికంటే ఇష్టం. చూపులేని ఒకాయన నేర్చుకోవాలని వస్తే ముఖం చిట్లించి తిరిగిపోయినందుకు మందలింపు అది. అక్కడ ఎవరికీ చూపు రాదు, మారవలసింది ఎదుటి ముఖమే. వ్యాఖ్యానాల్లో భేదాలున్నాయి కాబట్టి మీ మసీదు ఇమాంగారి చేతే చెప్పించు. వాళ్ళను అడగకుండా ఎవరి తల మీదా చెయ్యి పెట్టి, నయం కావాలని ప్రార్థించనివ్వకు, ఏ మతం వాళ్ళనైనా సరే.

పాటకైతే ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్. ముందు అరగంట వినిపించు, ఆయనకు చూపు సరిగా లేని సంగతి ఎత్తకు. 1936లో విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయిన మనిషి, జాలి పడటానికి కాదు వినడానికి.

సినిమాల్లో 'మయూరి' పెట్టు. జైపూర్ పాదం అనే కృత్రిమ కాలితో నాట్యం చేసిన సుధాచంద్రన్ తన పాత్ర తానే వేసింది. అయిపోగానే "ఆమె చేయగా నీకేం?" అనే పెద్దమనిషి లేస్తాడు, కాచుకో. 'సిరివెన్నెల' తమాషా వేరు. నాయకుడికి చూపు లేదు, నాయికకు మాట లేదు. ఆమె సైగలు తెర మీద ఉంటాయి కానీ చూపులేని ప్రేక్షకుడికి అక్కడ నిశ్శబ్దమే మిగులుతుంది. మాటల సందుల్లో రెండేసి చిన్న వాక్యాలు చెప్పే మనిషి కావాలి, సినిమా కనీసం రెండుసార్లు చూసి రాసుకున్నవాళ్ళైతే మేలు. పుస్తకాలు చదివి రికార్డు చేయడానికి జంకకు. లాభం చూసుకోకుండా, అలా తప్ప చదవలేనివాళ్ళకే ఇచ్చేట్టయితే 2012 కాపీరైట్ సవరణ ఒప్పుకుంటుంది.

గొంతు జాగ్రత్త, నీళ్ళు తాగుతూ ఉండు, అన్నీ నెత్తినేసుకోకు. మండపానికి మెట్లెన్నో, ఒక్కోటి ఎంత ఎత్తో టేపుతో కొలిచి ఈ వారమే రాయి. వడ్రంగికి కొలత నేను చెబుతాను.

మీ పెద్దమ్మ