సైకియాట్రీ సైన్సా, నమ్మకమా? మా మామ జబ్బు, నా మెడికల్ షాపు నేర్పింది చెప్తాను

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "మా అన్నకు సైకియాట్రిస్ట్ బైపోలార్ అని చెప్పి లిథియం గోలీలు రాశాడు. స్కానింగ్‌లో ఏమీ లేదు, రక్తపరీక్షలో ఏమీ లేదు. మరి ఆ రోగం ఉందని ఎలా నమ్మాలి? తాయెత్తు కట్టించుకోవడానికీ దీనికీ తేడా ఏంటి? మనిషికి ఏదో ఒక భద్రత కావాలి కాబట్టి దేవుడి ప్లేసులో డాక్టర్‌ని పెట్టుకున్నామా?"

నేను డాక్టర్‌ని కాదు. మహబూబ్‌నగర్‌లో మెడికల్ షాపు నడుపుతాను. మా మేనమామకు ఇదే జబ్బు: కొన్నాళ్ళు పట్టలేని ఉద్రేకం, కొన్నాళ్ళు దిగులు. చిట్టీ పట్టుకుని లైన్లో నిలబడ్డవాడిగానూ, చిట్టీ చూసి గోలీలు ఇచ్చేవాడిగానూ తెలిసింది చెప్తున్నా. మీ అనుమానంలో సగం నిజం ఉంది. కాకపోతే "మనిషికి భద్రత కావాలి" అన్నారు గానీ, ఏ మనిషికి అన్నది అడగలేదు. అసలు సంగతంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ముందు మీ వైపు నుంచే మాట్లాడతా. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973 దాకా స్వలింగ సంపర్కాన్ని జబ్బుల జాబితాలో ఉంచింది. ఆ ఏడాది బోర్డు దాన్ని తీసేస్తే కొంతమంది డాక్టర్లు ఒప్పుకోలేదు. 1974లో సభ్యులతో ఓటింగ్ పెట్టారు. తీసెయ్యాలన్నవాళ్ళే గెలిచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 1990 దాకా ఆగింది. టీబీ జబ్బా కాదా అని ఎవరూ ఓట్లు వెయ్యరు కదా. ఇంకోటి చూడండి. దగ్గరివాళ్ళు పోయిన రెండు నెలల లోపు దుఃఖాన్ని మామూలుగా డిప్రెషన్ కింద రాయొద్దని అదే సంఘం జాబితాలో ఒక మినహాయింపు ఉండేది. 2013లో దాన్ని తీసేశారు. మన ఊళ్ళలో చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పండగ చేసుకోరు. ఆ లెక్కన మన ముసలమ్మలు ఆ సంఘం వాళ్ళకన్నా దుఃఖానికి ఎక్కువ టైమిచ్చారు.

"మెదడులో కెమికల్ తగ్గింది" అనే మాట ఉంది చూశారా, మా కౌంటర్ దగ్గర రోజూ వింటాను. సెరటోనిన్ అనే ఆ కెమికల్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన సాక్ష్యం లేదని 2022లో ఇంగ్లండ్‌లో జోవన్నా మాన్‌క్రీఫ్ అనే సైకియాట్రిస్ట్ బృందం పాత పరిశోధనలన్నీ తిరగేసి చెప్పింది. ఆ మందులు అసలు పనిచెయ్యవని దానర్థం కాదు, అది వేరే లెక్క. కానీ అంత ధీమాగా చెప్పే కారణం మాత్రం చాలావరకు నమ్మకమే. రోగి ముందు "ఎందుకొచ్చిందో సరిగ్గా తెలియదు" అనడం డాక్టర్‌కీ కష్టమే. విని తట్టుకోవడం ఇంటివాళ్ళకు ఇంకా కష్టం.

ఇక మా ఇంటి సంగతి.

మా అమ్మ పుట్టినూరు దేవరకొండ దగ్గర. మామకు ముప్పై దాటాక ఒక ఎండాకాలం మొదలైంది. నిద్ర లేదు. నడిరాత్రి లేచి చెల్కలోకి పోయేవాడు. తెల్లారేసరికి బొడ్రాయి దగ్గర నిలబడి "డిండి నీళ్ళు ఈ ఊరికి నేనే తెస్తున్న, కలెక్టర్‌తోని మాట్లాడిన" అని వచ్చేపోయేవాళ్ళకు చెప్పేవాడు. బోరుబండి వాడికి అడ్వాన్సు ఇచ్చేశాడు. ఎద్దులను బేరం పెట్టాడు. మనిషి మాత్రం వెలిగిపోతూ ఉండేవాడు. ఆయనకు ఏ భయమూ లేదు. భయమంతా మా అత్తకు, మా అమ్మకు, అప్పులిచ్చినవాళ్ళకు.

ఒకరు బాణామతి అన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. ఆర్‌ఎంపీ నరాల వీక్‌నెస్ అని సెలైన్ పెట్టాడు. సెలైన్ పెట్టని జబ్బు మా దగ్గర జబ్బే కాదు లెండి. చివరికి చెర్వుగట్టుకు తీసుకుపోయారు. నల్లగొండ వాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: నార్కట్‌పల్లి దగ్గర గుట్ట మీద జడల రామలింగేశ్వరస్వామి గుడి. అమావాస్య రాత్రి జనం పెద్ద ఎత్తున వచ్చి అక్కడే నిద్ర చేస్తారు. నిద్ర చేస్తే పట్టిన పీడ పోతుందని నమ్మకం. మావాళ్ళు మొక్కు ప్రకారం అమావాస్యకు అమావాస్యకు పోయి వచ్చారు. వానలు పడేనాటికి మామ మామూలు మనిషయ్యాడు. ఊరంతా స్వామి మహిమ అంది. మళ్ళీ ఎండాకాలం వచ్చింది, మళ్ళీ బోరుబండి వచ్చింది.

ఈ జబ్బు తీరే అంత. మందు వేసినా వెయ్యకపోయినా చాలాసార్లు ఆ ఉద్రేకం కొన్ని వారాల్లోనో నెలల్లోనో దానంతటదే దిగుతుంది. దిగే టైముకు ఎవరు పక్కనుంటే పేరు వాళ్ళకొస్తుంది. స్వామి ఉంటే స్వామికి, డాక్టర్ ఉంటే డాక్టర్‌కి. కాబట్టి ఒక మనిషి బాగయ్యాడన్నది ఏ వైద్యానికీ సాక్ష్యం కాదు, మా మామ కథతో సహా. సాక్ష్యం కావాలంటే చాలామందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అసలు గోలి, ఇంకో గుంపుకు ఉత్తుత్తి గోలి ఇచ్చి, ఏది ఎవరికి పోతోందో ఇచ్చేవాళ్ళకు కూడా తెలియకుండా చూడాలి. గట్టు మీద ఎవరూ ఆ పని చెయ్యరు. చెయ్యమనడం కూడా పద్ధతి కాదు, అది మొక్కు. మందు అమ్మేవాళ్ళను మాత్రం అడగొచ్చు, అడగాలి. అలా అడిగితేనే కదా, తేలికపాటి డిప్రెషన్‌లో అసలు గోలికీ ఉత్తుత్తి గోలికీ తేడా చాలా తక్కువని బయటపడింది.

స్కానింగ్ సంగతి చెప్పారు కాబట్టి ఇది కూడా వినండి. మామకు కూడా తీయించారు, తీయించమని డాక్టర్‌ను అడిగింది మేమే. మెదడులో గడ్డలాంటిది ఏమైనా ఉందా అని చూడ్డానికి అది పనికొస్తుంది. బైపోలార్‌ను చూపించే స్కానింగు ఇప్పటికీ లేదు. రిపోర్టు నార్మల్ అని వస్తే సంతోషపడాలి. మా అత్త మొహం వాడిపోయింది. "గింత పైసలు పెడితే ఏం రాలేదట" అంది. ఫిల్ములో ఒక మచ్చ కనిపిస్తే ఊళ్ళో చూపించుకునేది, మా ఆయనకు పిచ్చి కాదు, జబ్బు అని.

మొదటి డాక్టర్ స్కిజోఫ్రీనియా అన్నాడు, అంటే లేనివి వినిపించే, లేని అనుమానాలు పట్టే జబ్బు. ఆ పేరు పట్టుకుని చాలాకాలం బతికాం. తర్వాత హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్ ఆ పేరు కొట్టేసి బైపోలార్ అని రాశాడు. ఇంట్లో ఎవరి నమ్మకమూ చెదరలేదు. నిన్న ఆ పేరు ఇచ్చిన ధైర్యమే ఇవాళ ఈ పేరు ఇచ్చింది. మా అమ్మ చిట్టీలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో దాచేది. గట్టు మీది విభూతి పొట్లం కూడా అందులోనే. డాక్టర్ ముందు కవర్ విప్పితే బల్ల మీద విభూతి రాలేది. ఆయన చిట్టీ దులుపుకుని చదివేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు. నాకు ఆయన మీద గురి కుదిరింది అందుకే.

బాగున్న రోజుల్లో మామనే అడిగాను, గోలీలు వేసుకుంటే ఎట్లా ఉంటది మామా అని. "గోలి ఏసుకుంటే నాకు చేతులు వణుకుతయి, మీకు గుండె నిమ్మళమైతది" అన్నాడు. భద్రత ఎవరికి అని నేను మొదట్లో అన్నది ఇందుకే. పేరు, ఫైలు, స్కానింగు, ఇవన్నీ మా కోసం. ఆ భాగం మొత్తం మీరన్నట్టు నమ్మకమే, నేను వాదించను.

చేతుల వణుకు మాత్రం నమ్మకం కాదు. అది లిథియం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ దీని గుణం కనిపెట్టాడు. ఉన్మాదానికి కారణం ఒంట్లోనే పుట్టే ఏదో విషం అనుకుని, గినీ పందుల మీద పరీక్షలు చేస్తూ లిథియం దాకా వచ్చాడు. ఆయన అనుకున్న కారణం నిలబడలేదు, మందు నిలబడింది. సరిగ్గా ఎలా పనిచేస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అయినా ఇది రక్తంలో కొలిచి వాడే మందు. లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. 1.5 దాటితే విషం కిందకు వస్తుంది: వణుకు పెరుగుతుంది, విరేచనాలు, వాంతులు, మాట తడబడటం. మా పాలమూరు ఎండల్లో చెమట కారి నీళ్ళు తగ్గితే, వేసుకునే డోసు మారకపోయినా రక్తంలో లెవల్ పెరుగుతుంది. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ వాడినా పెరుగుతుంది. ఈ సంగతి తెలియక నొప్పుల ఇంజెక్షన్ పొడిచేవాళ్ళు ఊరికొకరు ఉన్నారు. నువ్వు నమ్మినా నమ్మకపోయినా లెవల్ పెరుగుతుంది. తాయెత్తుకీ దీనికీ తేడా అడిగారు కదా, తాయెత్తుకు ఓవర్‌డోస్ లేదు.

ఇంకో రకం భద్రత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా జిల్లాలో అది సీసాల్లో అమ్ముతారు. కల్తీ కల్లు. చెట్టు కల్లు ఎంత, తాగే జనం ఎంత అని లెక్కేస్తే మిగతాదంతా ఏంటో అర్థమవుతుంది: క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం అని మనవాళ్ళు పిలిచే డయాజిపామ్, అల్ప్రాజోలం. చివరి రెండూ సైకియాట్రీ వాడే మందులే. మా షాపులో వాటిని హెచ్‌వన్ రిజిస్టర్‌లో రాయకుండా ఇవ్వకూడదు. రోగి పేరు, డాక్టర్ పేరు, ఎన్ని గోలీలు అన్నీ రాసి ఆ పుస్తకం మూడేళ్ళు దాచాలి. అదే మందు పొడి రూపంలో కల్లులో కలిస్తే ఏ రిజిస్టరూ లేదు. రోజంతా మట్టి మోసి, పిల్లలను ఊళ్ళో వదిలి బొంబాయికో పుణెకో పోయే మనిషి రాత్రి నిద్ర కోసం తాగుతాడు. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి ఆ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో ఆస్పత్రులకు వచ్చారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి దాకా పోయారు. ఒక ముసలాయన మా షాపు మెట్ల మీద కూర్చుని లేని చీమలను ఒంటి మీంచి దులుపుకుంటుంటే, కొడుకు "దయ్యం పట్టింది సార్" అన్నాడు. పట్టింది దయ్యం కాదు, వదిలింది మందు. పక్కనే ఉన్న పెద్ద దవాఖానకు పంపించాం.

పిచ్చివాడన్న ముద్రతో మనిషిని మాయం చేసే పని కూడా జరిగింది, దాచేదేం లేదు. సోవియట్ ప్రభుత్వం తనను విమర్శించినవాళ్ళకు "మందకొడి స్కిజోఫ్రీనియా" అని రాయించి ఆస్పత్రుల్లో పెట్టింది. అక్కడ భద్రత ప్రభుత్వానికి. అలాగని డాక్టర్లు లేని చోట మనుషులు హాయిగా ఉన్నారా? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలిసిన ఆశ్రమాల్లో ఒక దానికి నిప్పంటుకుంటే 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు, పారిపోలేకపోయారు. ఆ గొలుసు ఇంటివాళ్ళ భద్రత. మామను మొదటిసారి ఆటోలో తీసుకుపోయినప్పుడు చేతులు తువ్వాలతో కట్టారు. ముడి వేసింది మా తాత. అందుకే ఏర్వాడి వార్త గుర్తొస్తే నాకు కోపం కన్నా ముందు ఆ ముడి కనిపిస్తుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు వెయ్యడాన్ని పూర్తిగా నిషేధించింది. రోగి తన వైద్యం ఎలా జరగాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకునే హక్కు కూడా అందులో ఉంది. ఆ హక్కు సంగతి మా కౌంటర్ దగ్గర ఒక్కరు కూడా అడగలేదు. చెప్పినా ఇంటివాళ్ళు పెద్దగా ఇష్టపడరు.

మీ అన్న విషయానికొస్తే, డాక్టర్‌ను నమ్మాలా వద్దా అనేది పక్కన పెట్టి, ఆయన్ను అడగాల్సినవి అడగండి. ఈ గోలి ఏ లక్షణం తగ్గడానికి, తగ్గిందని ఎలా తెలుస్తుంది, ఎంతకాలం, ఆపాలంటే ఎలా. ఈ ప్రశ్నలకు కోప్పడే డాక్టర్ అయితే మార్చండి. హైదరాబాద్ పోనక్కర్లేదు, నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు చోట్లా గవర్నమెంట్ మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి, సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబర్ 14416, డబ్బులు లేవు, తెలుగులో మాట్లాడతారు.

గోలీలు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపించకండి. ముందు మీ అన్నను కూర్చోబెట్టి మాట్లాడండి, మీ అమ్మానాన్న పక్కన లేనప్పుడు. లిథియం వాడుతున్నన్నాళ్ళూ లెవల్‌తో పాటు థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా చేయిస్తూ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు బాగా తాగించండి, ఉప్పు ఉన్నట్టుండి మానేయొద్దని చెప్పండి. ఏ షాపుకు పోయినా నొప్పుల గోలి అడిగే ముందు లిథియం వాడుతున్న సంగతి చెప్పమనండి.