టెక్సాస్ ఫీజు గొడవ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ‘పత్రాలు లేని విద్యార్థులకు టెక్సాస్‌లో కాలేజీ బంద్’ అని ఒకచోట, ‘ఉచిత చదువు రద్దు’ అని ఇంకోచోట చదివాను. ఏది నిజం? (విజయవాడ)

జవాబు: రెండూ కాదు. 2025 జూన్‌లో కోర్టు ఉత్తర్వుతో పోయింది, అమెరికాలో ఉండేందుకు చట్టబద్ధ పత్రాలు లేని విద్యార్థులకు దక్కిన తక్కువ ఫీజు. చేరడానికి ఉన్న అర్హత జోలికి ఎవరూ పోలేదు. ఉచితం అన్నది ముందు నుంచీ లేదు. ఈ విద్యార్థులకు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) గ్రాంటు గానీ, ఫెడరల్ రుణం గానీ రాదు. 2001లో రిక్ పెర్రీ గవర్నర్‌గా సంతకం చేసిన టెక్సాస్ చట్టం ప్రధానంగా ఇచ్చింది రాష్ట్రవాసులకు ఉండే ఫీజు. దానికైనా హైస్కూల్ పూర్తయ్యేముందు మూడేళ్లు టెక్సాస్‌లోనే ఉండాలి, అర్హత రాగానే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేస్తానని అఫిడవిట్ ఇవ్వాలి. ఇప్పుడు పోయింది ఆ ఫీజు. బయటి రాష్ట్రాల వాళ్ల రేటు చాలాచోట్ల దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది కాబట్టి చాలామంది చదువు మానేయక తప్పదన్నది నిజమే. అయితే అది ఫీజు వల్ల వచ్చే ఫలితం, నిషేధం కాదు. ఇలాంటి వార్త కనిపిస్తే ప్రవేశమా, ఫీజా, ఆర్థికసాయమా అన్నది ముందు తేల్చుకోండి. శీర్షికలు ఎక్కువగా తప్పేది ఈ మూడింటినీ కలిపేసినప్పుడే.

ప్రశ్న: ఇరవై నాలుగేళ్ల చట్టం ఒక్కరోజులో ఎలా పోయింది? (వరంగల్)

జవాబు: 2025 జూన్ 4న అమెరికా న్యాయశాఖ టెక్సాస్‌పై దావా వేసింది. దాన్ని వాదించి కాపాడాల్సిన రాష్ట్ర అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ అదే రోజు ఒప్పేసుకున్నారు. ఇద్దరూ కలిసి అడిగిన ఉత్తర్వుపై జడ్జి రీడ్ ఓకానర్ సంతకం చేశారు. ఎదురు వాదన లేదు, సాక్ష్యం లేదు. ‘కోర్టు కొట్టేసింది’ అని ఒక్క ముక్కలో రాసేస్తే పాఠకుడికి అసలు సంగతి తెలియదు. ఇది పోరాడి ఓడిన కేసు కాదు, రాజీ. విద్యార్థుల తరఫున కేసులో చేరతామన్నవారు ఉత్తర్వు వచ్చాకే కోర్టు గడప తొక్కగలిగారు.

కెంటకీ, మిన్నెసోటా, ఓక్లహోమాలపైనా అలాంటి దావాలే పడ్డాయి. ఫ్లోరిడా సంగతి వేరు. అక్కడ 2014లో ఇచ్చిన వెసులుబాటును 2025 జులై 1 నుంచి శాసనసభే తీసేసింది. ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టకండి.

ప్రశ్న: ఫెడరల్ చట్టం అంత స్పష్టంగా ఉంటే కాలిఫోర్నియా చట్టం ఎలా నిలబడింది? (చెన్నై)

జవాబు: 1996 నాటి చట్టం ‘రాష్ట్రంలో నివాసం ఆధారంగా’ ఇచ్చే ప్రయోజనాన్నే అడ్డుకుంటుంది. అదే ప్రయోజనం, ఎక్కడ నివసిస్తున్నారన్నది చూడకుండా, అమెరికా పౌరులందరికీ దొరికితే అడ్డులేదు. కాలిఫోర్నియా 2001లో తెచ్చిన ఏబీ 540 అనే చట్టం నివాసాన్ని కాకుండా అక్కడి హైస్కూల్లో మూడేళ్లు చదవడాన్ని కొలమానంగా పెట్టింది. అక్కడ చదివి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయిన పౌరుడికీ అదే ఫీజు వర్తిస్తుంది. 2010లో మార్టినెజ్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. టెక్సాస్ చట్టం నివాసం మీదే కట్టుకున్నది. దాన్ని గురి చూసి కొట్టడం తేలికైంది అందుకే. వార్తలో ‘ఫెడరల్ చట్టానికి విరుద్ధం’ అని ఉంటే ఆ రాష్ట్రం దేన్ని కొలమానంగా పెట్టిందో వెతకండి. చాలా కథనాల్లో ఈ వాక్యమే ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల భార్య/భర్తకు, 21 ఏళ్లలోపు పిల్లలకు ఇచ్చే వీసా)పై టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో చదువుతున్నాడు. ఈ ఉత్తర్వు మాకు తగులుతుందా? (ఫ్రిస్కో)

జవాబు: నేరుగా తగలదు. అది చట్టబద్ధంగా దేశంలో ఉండే హోదా లేనివారి గురించి, హెచ్-4కు ఆ హోదా ఉంది. టెక్సాస్ నిబంధనల్లో హెచ్-4 వారు రాష్ట్రవాసిగా నమోదుకు అర్హులే. తల్లిదండ్రుల ఆధారంగా అడిగితే, చేరే టర్మ్‌లో లెక్క తేదీకి (చేరినవారి సంఖ్యను కాలేజీ ఖరారు చేసే రోజుకు) ముందు 12 నెలలు వాళ్లు టెక్సాస్‌లో స్థిరంగా ఉన్నట్లు చూపాలి.

చిక్కు 21 ఏళ్ల దగ్గర వస్తుంది. గ్రీన్‌కార్డు వరుస కదలక హెచ్-4 జారిపోయి ఎఫ్-1కు (విద్యార్థి వీసాకు) మారితే, ఎఫ్-1 హోదాతో రాష్ట్రంలో స్థిరనివాసం చూపలేరు. అప్పుడు ఆధారం పైన చెప్పిన హైస్కూల్ మూడేళ్ల మార్గం; ఉత్తర్వు దాన్ని ఆపింది హోదా లేనివారికే. కాబట్టి మార్పు కంటే ముందే కాలేజీ రిజిస్ట్రార్‌కు ఈమెయిల్ రాసి, ఏ ఆధారంపై రాష్ట్రవాసిగా నమోదు చేశారో, హోదా మారితే ఏమవుతుందో రాతపూర్వకంగా తెప్పించుకోండి. హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్లు చూపే రికార్డు), అద్దె ఒప్పందాలు, పన్ను పత్రాలు ఒకే ఫైల్లో పెట్టండి. వాట్సాప్ గ్రూపులో మాట మాత్రం రిజిస్ట్రార్ ఒప్పుకోడు.